సముద్రం దాకానా, సముద్రంలోకా? వికలాంగ ప్రయాణికులు తీర నగరాన్ని ఎంచుకోవడం ఎలా

సముద్రం ఉన్న ఊరికి వెళ్దామనుకోగానే చాలామంది ముందు ఊరి పేరు ఖాయం చేసేస్తారు. తర్వాత హోటల్ చూస్తారు. అన్నీ అయ్యాక, చివర్లో, అక్కడ వీల్‌చైర్ తిరుగుతుందా అని వెతకడం మొదలుపెడతారు. ఈ వరసను తిరగేయమని నా సలహా. వీల్‌చైర్ వాడేవారైనా, చంకకర్రలతో నడిచేవారైనా, చూపు లేనివారైనా, వినపడనివారైనా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: సముద్రం దగ్గర మీకు ఏం కావాలి?

గట్టు మీద కూర్చుని అలలు చూస్తూ గాలి పీల్చుకుంటే చాలా? ఇసుక దాటి వెళ్లి కాళ్లు తడుపుకోవాలా? లేక నీళ్లలోకి దిగి తేలాలా? ఈ మూడూ మూడు వేరు వేరు ప్రయాణాలు. మొదటిదానికి బీచ్ పక్కన చదునైన రోడ్డు ఉంటే సరిపోతుంది. రెండోదానికి ఇసుక మీద దారి ఉండాలి. మూడోదానికి దారితో పాటు నీళ్లలో దిగే కుర్చీ, చాలాచోట్ల శిక్షణ ఉన్న మనుషులు కూడా ఉండాలి. 'వీల్‌చైర్‌కు అనుకూలం' అన్న బోర్డు ఈ మూడింటిలో దేని గురించి చెబుతోందో బోర్డు చూస్తే తెలియదు. గట్టు మీద ఒక ర్యాంపు, ఒక టాయిలెట్ కట్టిన ఊరూ ఆ మాటే రాసుకుంటుంది, మనిషిని నీళ్లలోకి దింపి మళ్లీ క్షేమంగా పైకి తెచ్చే ఊరూ ఆ మాటే రాసుకుంటుంది.

ఇంకో సంగతి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆ కుర్చీలో కూర్చునే మనిషి. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే 'నీకెందుకమ్మా ఆ శ్రమ, గట్టు మీద కూర్చో, మేం వచ్చేస్తాం' అంటారు. ఆ ఒక్క మాటతో ఊరి ఎంపిక, హోటల్ ఎంపిక అన్నీ మారిపోతాయి. అడగండి, వాళ్లు చెప్పింది రాసుకోండి, అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టండి.

ఊరి నేల చూసి ఊరిని ఎంచుకోండి

తీర నగరాలు స్థూలంగా రెండు రకాలు. కొండవాలు మీద పెరిగిన పాత రేవు పట్టణాలు ఒక రకం. ఒడ్డు వెంట చదునుగా పరుచుకున్నవి ఇంకో రకం. లిస్బన్ మొదటి రకం. వీధులు ఎత్తుపల్లాలు, కాలిబాటల నిండా చిన్న చిన్న రాళ్లు, పాత ట్రామ్ ఎక్కాలంటే మెట్లు. వలెన్సియా రెండో రకం. బీచ్ వెంట విశాలమైన చదును దారి ఉంటుంది కాబట్టి ఎవరూ తోయకుండానే చాలా దూరం వెళ్లొచ్చు. కొండ ఊరి అందం కొండ ఊరిదే, కాదనను. కానీ బీచ్ మామూలుదైనా చదునుగా ఉన్న ఊరు ఒకవైపు, బీచ్ ప్రసిద్ధమైనా ఎత్తుపల్లాల ఊరు ఇంకోవైపు ఉంటే నేను మొదటిదే ఎంచుకోమంటాను. ఇసుక మీద గడిపేది రోజుకు రెండు మూడు గంటలు. మిగతా రోజంతా వీధుల్లోనే కదా.

నేలతో పాటు జనం ఆ ఊళ్లో ఎలా తిరుగుతారో కూడా చూడాలి. వెనిస్ పేరు వినగానే వీల్‌చైర్ వాడేవాళ్లు ఆశ వదులుకుంటారు. 400కు పైగా వంతెనలు, చాలా వాటికి మెట్లు. కానీ అక్కడ బస్సుల్లా తిరిగే వాపొరెట్టో పడవల్లో చాలావరకు వీల్‌చైర్ నేరుగా ఎక్కుతుంది. వంతెన దాటకుండా పడవ రేవు చేరుకోగలిగేలా బస చూసుకుంటే ఊళ్లో పెద్ద భాగమే అందుతుంది. అదే ఊళ్లో ఒక వంతెన అవతల చవకగా గది దొరికిందని తీసుకుంటే రోజూ ఆ మెట్ల దగ్గరే ఆగిపోవాలి.

బార్సిలోనా ఈ విషయంలో గుర్తుంచుకోదగ్గ ఉదాహరణ. 1992 ఒలింపిక్స్, పారాలింపిక్స్ కోసం ఆ ఊరు తన తీరాన్నే మార్చేసుకుంది. రైలు పట్టాలు, ఫ్యాక్టరీల వెనక ఉండిపోయిన ఒడ్డును జనానికి తెరిచి, బీచ్‌లు తయారుచేసి, వెంబడి నడక దారులు వేసింది. ఒకేసారి, ఒక పథకంతో కట్టింది కాబట్టి దారికీ దారికీ మధ్య తెగిపోయే చోట్లు తక్కువ. అయినా అక్కడి మెట్రోలో లిఫ్టు లేని స్టేషన్లు కొన్ని ఇంకా ఉన్నాయి. ఊరు మంచిదని వదిలేయకుండా మీరు దిగబోయే స్టేషన్ పేరుతో చూసుకోవాలి.

ఫొటోల్లో కనిపించే ర్యాంపులను లెక్క కట్టడం నేర్చుకుంటే చాలా మోసపోకుండా ఉంటాం. సాధారణంగా పాటించే వాలు ఒకటికి పన్నెండు. అంటే ఒక మీటరు ఎత్తుకు పన్నెండు మీటర్ల పొడవు. మూడు మెట్ల ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు అనుకుంటే ర్యాంపు ఐదు మీటర్లు దాటి ఉండాలి. హోటల్ ఫొటోలో మూడు మెట్ల మీద రెండు మీటర్ల చెక్క పలక వేసి ర్యాంపు అని రాశారంటే, అది సామాన్ల ట్రాలీకి పనికొస్తుంది, మనిషికి ప్రమాదం.

ఇసుక మీద ఏ సాధనం ఎవరికి?

అసలు తేడా అంతా ఇక్కడే ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మామూలు వీల్‌చైర్ పొడి ఇసుకలో ఎందుకు దిగబడుతుందంటే, ముందున్న చిన్న చక్రాలు సన్నగా ఉంటాయి, బరువు పడగానే ఇసుకను కోసుకుంటూ లోపలికి పోతాయి. మోటారు కుర్చీ ఇంకా బరువు కాబట్టి ఇంకా త్వరగా కూరుకుపోతుంది. దీనికి లోకంలో కనిపెట్టిన పరిష్కారాలు కొన్ని ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో హద్దు.

ఇసుక మీద పరిచే చాపలు, చెక్క దారులు అన్నిటికన్నా సులువైనవి. మీ కుర్చీలోనే, మీ అంతట మీరే, ఎవరి సాయం అడగకుండా వెళ్తారు. చంకకర్రలవాళ్లకు, చేతికర్రతో నడిచే పెద్దవాళ్లకు, పిల్లల బండి తోసేవాళ్లకు కూడా ఇదే మేలు. చిక్కు ఏమిటంటే, చాలాచోట్ల ఈ దారి నీటికి కొంత దూరంలోనే ఆగిపోతుంది. గాలికి ఇసుక కమ్మేస్తుంది. తుపాను వస్తే దారే పోవచ్చు. చెన్నై మెరీనాలో 2022 నవంబరు చివర్లో 260 మీటర్లకు పైగా పొడవున్న చెక్క దారి ప్రారంభించారు. రెండు వారాలు తిరక్కుండానే మాండస్ తుపాను అలలు దాన్ని దెబ్బతీశాయి, తర్వాత మరమ్మతు చేశారు. ఇది ఆ దారిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు, అలాంటివి ప్రతి బీచ్‌లో రావాలనే నా కోరిక. సముద్రం పక్కన కట్టిన ఏ సదుపాయమైనా నిరుడు తీసిన ఫొటోలో ఉన్నట్టు ఈ ఏడాది ఉండకపోవచ్చని గుర్తుంచుకోవాలి, అంతే.

బుడగల్లాంటి లావు టైర్ల బీచ్ వీల్‌చైర్ పొడి ఇసుక మీద తేలిగ్గా పోతుంది, లోతులేని నీళ్ల దాకా తీసుకెళ్తుంది. కానీ చాలా రకాల్ని కూర్చున్నవాళ్లు తిప్పుకోలేరు, వెనక ఒకరు తోయాల్సిందే. మీ కుర్చీలోంచి అందులోకి మారాలి కూడా. మారేచోట నేల గట్టిగా ఉందా, పట్టుకోవడానికి ఏమైనా ఉందా అన్నది కుర్చీ ఉందా అన్నంత ముఖ్యం.

ఫ్రాన్స్‌లో పుట్టిన టిరాలో లాంటి కుర్చీలు నీళ్లలో తేలతాయి. చేతులకు రెండు వైపులా తేలే దిమ్మలు ఉంటాయి, మనిషి పడుకున్నట్టు కూర్చుంటాడు, సాయం చేసేవాళ్లు లోపలికి తీసుకెళ్తారు. ప్రశాంతమైన నీళ్లలో ఇది గొప్ప అనుభవం. అలలు గట్టిగా ఉన్న తీరంలో మాత్రం బోర్లా పడే భయం ఉంటుంది కాబట్టి ఇద్దరు బలమైన మనుషులు, లైఫ్ జాకెట్ లేకుండా ఒప్పుకోకండి. మీతో వచ్చేది ఒక్కరే, వాళ్లూ వయసు మళ్లినవాళ్లు అయితే, బీచ్‌లో సిబ్బంది లేని చోట ఈ కుర్చీ ఉన్నా లేనట్టే.

ఇక గ్రీసులో రూపొందిన సీట్రాక్. ఒడ్డు నుంచి నీళ్లలోకి పట్టాలు దిగుతాయి, వాటి మీద ఒక కుర్చీ కదులుతుంది, సౌరశక్తితో నడుస్తుంది. కుర్చీలోకి మారాక రిమోట్ నొక్కితే అదే నీళ్లలోకి తీసుకెళ్తుంది, ఈత కొట్టి తిరిగొచ్చి మళ్లీ నొక్కితే పైకి తెస్తుంది. గ్రీసులో వందకు పైగా బీచ్‌లలో ఇది ఉంది. చేతుల్లో బలం ఉండి, తమంతట తాము కుర్చీ మారగలిగినవాళ్లు అన్నిటికన్నా ముందు దీన్నే చూడాలని గట్టిగా చెబుతాను. ఎవరో ఎత్తి దించితే సముద్రంలోకి వెళ్లడం వేరు, వెళ్లాలనిపించినప్పుడు వెళ్లి రావాలనిపించినప్పుడు రావడం వేరు. ఏళ్ల తరబడి ప్రతిదానికీ ఒకరిని పిలవాల్సి వచ్చినవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు.

నడుము పైభాగంలో కూడా పట్టు లేనివాళ్లకు, పూర్తిగా ఎత్తి మార్చాల్సినవాళ్లకు మాత్రం సాధనం కన్నా మనుషులు ముఖ్యం. బార్సిలోనాలో నోవా ఇకారియా బీచ్ ఇలాంటి సేవకు పేరుపొందింది. వేసవి నెలల్లో అక్కడ స్నానానికి సాయం చేసే సిబ్బంది, నీళ్లలోకి వెళ్లే కుర్చీలు, ఎత్తి మార్చే యంత్రం ఉంటాయి. ఊరికి వెళ్లాక ఎవరో ఒకరు సాయం చేస్తారులే అని బయల్దేరకండి. సాయం చేయాలని మనసున్నవాళ్లు ప్రతిచోటా ఉంటారు, కానీ భుజం కింద చేయి వేసి లాగితే బలహీనమైన కీలు జారిపోతుందని వాళ్లకు తెలియదు.

గుర్తింపు ముద్రల గురించి కూడా ఒక మాట. శుభ్రత, భద్రత లాంటివి చూసి బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్. అది ఉందంటే బీచ్ వికలాంగులకు అనువుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ నియమాల ప్రకారం ఒక పురపాలక పరిధిలో కనీసం ఒక బ్లూ ఫ్లాగ్ బీచ్‌లో సదుపాయాలు ఉంటే చాలు. మీరు వెళ్లే బీచ్ ఆ ఒక్కటి కాకపోవచ్చు. ఫ్రాన్స్‌లో ఇచ్చే హాండిప్లాజ్ గుర్తింపు దీనికన్నా పనికొస్తుంది, ఎందుకంటే అది సదుపాయాల స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా ఉంటుంది. ఐరోపాలో యాక్సెస్ సిటీ అవార్డు నగరాలకు ఇస్తారు, 2014లో స్వీడన్‌లోని రేవు నగరం గోథెన్‌బర్గ్‌కు వచ్చింది. వెతకడం మొదలుపెట్టడానికి అది బాగుంటుంది, కానీ అది ఊరి మొత్తానికి ఇచ్చింది, ఇసుకకు ఇచ్చింది కాదు.

హోటలా, అపార్ట్‌మెంటా? ముందు బాత్రూమ్ చూడండి

సముద్రం కనిపించే గది కావాలని అందరికీ ఉంటుంది. కానీ ప్రయాణాన్ని నిలబెట్టేదీ కూల్చేదీ బాత్రూమే. స్నానం సరిగ్గా చేయలేకపోతే మూడో రోజుకల్లా ఇంటికి వెళ్లిపోదామనిపిస్తుంది, ఉప్పు నీళ్లలో దిగి వచ్చాక అయితే మరీను.

వికలాంగులకు అనువైన గది అని చెప్పేవాటిలో బాత్రూమ్‌లు రెండు రకాలు. నేలతో సమంగా ఉండి కుర్చీతో నేరుగా వెళ్లగలిగే షవర్ ఒకటి. టబ్బు ఉండి దాని మీద బల్ల వేసేది రెండోది. కాస్త నిలబడగలిగేవాళ్లకు రెండోది సరిపోవచ్చు. కాళ్లలో బలం లేనివాళ్లు మొదటిది తప్ప ఇంకేదీ ఒప్పుకోకూడదు. కమోడ్‌కు ఏ పక్క ఖాళీ ఉందో కూడా అడగాలి. కుడి పక్క నుంచి మారే అలవాటున్నవాళ్లకు కుడి పక్కే గోడ ఉంటే ఎంత ఖరీదైన గదైనా వృథా. తలుపు కనీసం 80 సెంటీమీటర్లు తెరుచుకోవాలి, లోపల కుర్చీ తిరగడానికి 150 సెంటీమీటర్ల చోటు కావాలి. మంచం ఎత్తు మీ కుర్చీ సీటుకు దగ్గరగా ఉండాలి. ఎత్తే యంత్రం వాడేవాళ్లయితే మంచం కింద దాని కాళ్లు దూరేంత ఖాళీ ఉందో లేదో చూడాలి, దిమ్మె మంచాలతో ఇదే చిక్కు.

మరి హోటల్ మంచిదా, అపార్ట్‌మెంట్ మంచిదా? హోటల్లో ఏదైనా తేడా వస్తే గది మార్చమని అడగొచ్చు, రాత్రి రెండింటికి కూడా కింద ఒక మనిషి ఉంటాడు. అపార్ట్‌మెంట్‌లో చోటు ఎక్కువ, మందులూ తిండీ మీ పద్ధతిలో చూసుకోవచ్చు, తోడుగా వచ్చినవాళ్లకు వేరే గది ఉంటుంది. కానీ వీధి గుమ్మం దగ్గర ఒక మెట్టు, లిఫ్టు సన్నగా ఉండటం, ఇంటివాళ్లు ఫోన్ ఎత్తకపోవడం లాంటివి అక్కడే ఎదురవుతాయి. కొత్త ఊరికి మొదటిసారి వెళ్తుంటే హోటలే మంచిది. వారం దాటి ఉండాలనుకుంటే, ఇంటివాళ్లు వీధి నుంచి బాత్రూమ్ దాకా ఒకే వీడియోగా తీసి పంపితే అపార్ట్‌మెంట్ గురించి ఆలోచించొచ్చు. పంపడానికి నసిగేవాళ్లను వదిలేయండి.

ఊరి బయట రిసార్టుల సంగతి కూడా వస్తుంది. లోపల అన్నీ చదునుగా, సౌకర్యంగా ఉంటాయి. గేటు దాటితే కాలిబాట ఉండదు, వీల్‌చైర్ పట్టే వాహనం దొరకదు. నాలుగు రోజులు విశ్రాంతి తీసుకోవాలనుకునేవాళ్లకు బాగుంటుంది. ఊరు చూడాలని వచ్చినవాళ్లకు అది అందమైన గృహనిర్బంధం.

పై అంతస్తులో సముద్రం బాగా కనిపిస్తుంది, నిజమే. మంటలు రేగినా కరెంటు పోయినా లిఫ్టు ఆగిపోతుంది. కింది అంతస్తులో సముద్రం కనిపించకపోయినా నేరుగా బయటికి రాగలిగే గది దొరికితే, మోటారు కుర్చీ వాడేవాళ్లు ఆలోచించకుండా తీసుకోవచ్చు.

చూపు, వినికిడి, పైకి కనిపించని ఇబ్బందులు

ఇప్పటిదాకా చక్రాల గురించే ఎక్కువ చెప్పాను. చూపు లేనివాళ్లకు ఊరి ఎంపిక వేరే లెక్క. కాలికి తెలిసే గీతలు, చుక్కలున్న పలకలను 1965లో జపాన్‌లో సెయిచీ మియాకే రూపొందించారు, 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి వేశారు. పొడవు గీతలు ముందుకు సాగమని, చుక్కలు ఆగి చూసుకోమని. ఈ పలకలు రైల్వే స్టేషన్ నుంచి బీచ్ గట్టు దాకా తెగకుండా ఉన్న ఊరికీ, స్టేషన్ గేటు దగ్గరే ఆగిపోయిన ఊరికీ చాలా తేడా. విశాలమైన ఖాళీ మైదానం లాంటి బీచ్ రోడ్డు వీల్‌చైర్‌కు సుఖం. తెల్లకర్రతో నడిచేవాళ్లకు మాత్రం అంచూ ఆనవాలూ లేక దారి తప్పేది అక్కడే. ఇద్దరూ కలిసి వెళ్తుంటే గట్టుకు గోడో రెయిలింగో ఉన్న తీరం చూసుకోవాలి. ఈత విషయంలో ఫ్రాన్స్‌లోని కొన్ని బీచ్‌లలో ఆడియోప్లాజ్ అనే ఏర్పాటు ఉంది. నీళ్లలో తేలే గుర్తులు శబ్దంతో పలుకుతాయి, ఈత కొట్టేవాళ్లకు తాము ఎక్కడున్నారో, ఒడ్డు ఎటు ఉందో తెలుస్తుంది.

వినపడనివాళ్లకు రోజంతా పెద్ద ఇబ్బంది లేకపోయినా ప్రమాదం వచ్చినప్పుడే అసలు సమస్య. లైఫ్‌గార్డు విజిల్, మైకులో హెచ్చరిక, హోటల్ మంటల అలారం అన్నీ చెవి మీద ఆధారపడ్డవే. జపాన్ 2020లో సునామీ హెచ్చరికకు ఎరుపు, తెలుపు గళ్ల జెండాను నిర్ణయించడానికి కారణం ఇదే. వెళ్లే బీచ్‌లో జెండాల పద్ధతి ఏమిటో ముందే తెలుసుకోండి. హోటల్లో వెలుగుతో గానీ, దిండు కింద కంపించి గానీ లేపే అలారం ఉందా అని అడగండి. ఒకే ధరకు రెండు హోటళ్లుంటే ఇది ఉన్నదే మీ హోటల్. వినికిడి యంత్రాలకు ఉప్పు గాలి, ఇసుక రెండూ పడవు కాబట్టి మూత గట్టిగా ఉండే పొడి డబ్బా వెంట ఉండాలి.

ఆటిజం ఉన్న పిల్లలకు, జ్ఞాపకశక్తి తగ్గిన పెద్దలకు బీచ్ కన్నా వేళ ముఖ్యం. అదే బీచ్ ఉదయం ఏడింటికి ఒకలా, సాయంత్రం జాతరలా ఇంకోలా ఉంటుంది. విమానాశ్రయాల్లో పొద్దుతిరుగుడు పువ్వుల బొమ్మతో మెడలో వేసుకునే పట్టీ 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో మొదలై చాలా దేశాలకు పాకింది. పైకి కనిపించని వైకల్యం ఉందని, కాస్త సమయం ఇవ్వమని సిబ్బందికి అది చెబుతుంది.

కాలం, ఎండ

సాయం చేసే సిబ్బంది, కుర్చీలు సాధారణంగా రద్దీ కాలంలోనే ఉంటాయి. ఆ కాలంలోనే ఎండ, జనం, గదుల ధర మూడూ ఎక్కువ. నీళ్లలోకి దిగాలనుకునేవాళ్లు సేవ మొదలైన తొలి వారాలో చివరి వారాలో చూసుకుంటే సాయమూ దొరుకుతుంది, రద్దీ కూడా కాస్త తగ్గుతుంది. గట్టు మీద కూర్చుంటే చాలనుకునేవాళ్లకు రద్దీ లేని కాలమే మంచిది.

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు, అందులోనూ ఛాతీ దగ్గరి టీ6 స్థాయిలో గానీ ఆ పైన గానీ దెబ్బ తగిలినవాళ్లకు, చెమట పట్టి ఒళ్లు చల్లబడే పద్ధతి సరిగ్గా పనిచేయదు. వాళ్లకు నీడ లేని బీచ్ ఎంత అందంగా ఉన్నా వద్దు. స్పర్శ తెలియని చర్మానికి కాలిన ఇనుప కడ్డీ, తడి బట్టల కింద ఇరుక్కున్న ఇసుక రేణువులు పుండ్లు తెచ్చిపెడతాయి. అందుకే బీచ్‌లో మంచినీళ్ల షవర్, బట్టలు మార్చుకోవడానికి పడుకోగలిగే బల్ల ఉన్న గది, నీడ ఉన్నాయా అని చూడాలి. ఇవి ఉన్న చిన్న బీచ్, ఇవి లేని పెద్ద బీచ్ కన్నా నయం. కుర్చీ చక్రాల బేరింగులను కూడా సాయంత్రం మంచినీళ్లతో కడిగి తుడవాలి, ఉప్పు వాటిని తినేస్తుంది.

చేరుకోవడం

రైలు, బస్సు, విమానం ఎంపిక చాలావరకు దూరమే తేలుస్తుంది. విమానంలో మోటారు కుర్చీ తీసుకెళ్తుంటే బ్యాటరీ చూసుకోవాలి. మడిచే కుర్చీలోంచి తీసి వెంట తీసుకెళ్లే లిథియం బ్యాటరీకి సాధారణంగా 300 వాట్-అవర్ల పరిమితి ఉంటుంది. విమాన సంస్థకు ముందే రాసి, అనుమతి కాగితం మీద తీసుకోండి.

ఓడ ప్రయాణం సుఖంగా ఉంటుంది, రోజుకో ఊరు చూపిస్తుంది. అయితే కొన్ని రేవుల్లో ఓడ ఒడ్డుకు రాదు, చిన్న పడవల్లో దింపుతారు. అక్కడ వీల్‌చైర్ వాడేవాళ్లు చాలాసార్లు ఓడలోనే ఉండిపోవాల్సి వస్తుంది. ఏ రేవుల్లో ఓడ నేరుగా ఆగుతుందో చూసి మార్గం ఎంచుకోవాలి. ఆటుపోట్లు ఎక్కువున్న చోట ఇంకో చిక్కు. పడవ రేవులోని వాలు దారి పోటు వేళ చదునుగా ఉండి, ఆరు గంటలు గడిచి నీళ్లు దిగిపోయాక నిటారుగా మారుతుంది. ఉదయం తేలిగ్గా దిగినవాళ్లు మధ్యాహ్నం ఎక్కలేకపోవచ్చు. పడవ షికారు ఉంటే ఆ రోజు ఆటుపోట్ల వేళలు చూసుకోండి.

అడిగే పద్ధతి

'వీల్‌చైర్‌కు బాగుంటుందా?' అని అడిగితే 'బాగుంటుందండీ' అన్న జవాబే వస్తుంది. అబద్ధమని కాదు, వాళ్లకు తెలిసినంతలో అది నిజమే. అందుకే కొలత అడగాలి, ఫొటో అడగాలి. బాత్రూమ్ తలుపు ఎంత తెరుచుకుంటుంది, షవర్ దగ్గర గట్టు ఉందా, కమోడ్ పక్క ఎటు ఖాళీ, గది నుంచి ఇసుక దాకా దారిలో మెట్లు ఎన్ని, ఇసుక మీద దారి ఈ వారం వేసి ఉందా, అది ఆగేచోటి నుంచి నీళ్లు ఎంత దూరం, కుర్చీ ముందుగా బుక్ చేయాలా, ఏ వేళల్లో సిబ్బంది ఉంటారు. 'ఐదు నిమిషాల నడక' అంటే ఎన్ని మీటర్లో, దారిలో ఎత్తు ఉందో లేదో కూడా అడగండి.

ఇన్ని అడిగితే విసుక్కుంటారేమో అని మొహమాటపడేవాళ్లకు ఒక విషయం చెప్పాలి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణంలో వినోద, పర్యాటక స్థలాలు అందుబాటులో ఉండటం కూడా రాసి ఉంది. పర్యాటకంలో అందరికీ అందుబాటు ఎలా ఉండాలో చెప్పే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 21902 ప్రమాణం 2021లో వచ్చింది. మీరు దయ అడగడం లేదు. మీరు అడిగిన కొలతను తర్వాత వచ్చేవాళ్ల కోసం కూడా ఆ హోటల్‌వాళ్లు రాసి పెట్టుకునే అవకాశం ఉంది.

రెండు మూడు ఊళ్ల మధ్య ఎటూ తేలకపోతే, ఆ ఊళ్ల బీచ్ సేవలకు, హోటళ్లకు ఇవే ప్రశ్నలు ఒకే రోజు పంపండి. ఎవరు కొలతలతో, ఫొటోలతో జవాబిచ్చారో, లేనిది లేదని ఎవరు సూటిగా చెప్పారో ఆ ఊరినే ఎంచుకోండి. 'మా దగ్గర ఎత్తే యంత్రం లేదు, కానీ దారి నీటి అంచు దాకా ఉంది' అని చెప్పినవాళ్లను నమ్మొచ్చు. డబ్బు కట్టేటప్పుడు రద్దు చేసుకునే వీలున్న గదినే తీసుకుని, బయల్దేరే ముందు వారంలో ఇసుక మీది దారి గురించి, కుర్చీ గురించి మరోసారి ఫోన్ చేసి కనుక్కోండి.